మున్షీ జీతం ఎవరిచ్చారు? ఉద్యోగం, ఇంగ్లీషు పరీక్ష, మన ప్రాక్టీసు



గత భాగంలో హాస్టల్ చదువుల గురించి రాశాక చాలామంది విద్యార్థులు మెసేజీలు పెట్టారు. అందులో ఎక్కువ మంది చెప్పింది ఒకటే. డిగ్రీ అయింది, సబ్జెక్టు వచ్చు, కానీ కంపెనీ వాళ్లు పెట్టే ఇంగ్లీషు టెస్టు దగ్గర ఆగిపోతున్నాం అని. గ్రామర్ బిట్లు, పాసేజ్ చదివి జవాబులు పెట్టడం, అరగంట టైము. అక్కడే సగం మంది ఇంటికి. "మాకు ఇంగ్లీషు అబ్బదు సార్, అది మా రక్తంలో లేదు" అని ఒక తమ్ముడు రాశాడు. ఈ వ్యాసం ఆ మాటకి జవాబు.

తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేసి తెలుగు పాఠం చెప్పుకునేవాడికి ఇంగ్లీషు పరీక్షతో ఏం పని అని కొందరు అడగొచ్చు. పని ఉంది. ఉద్యోగం కోసం పరాయి భాష నేర్చుకుని పరీక్ష రాయడం అనే వ్యవహారం మన నేల మీద మొదలైంది తెలుగుతోనే. అప్పుడు పరీక్ష రాసినవాళ్లు మనం కాదు, ఇంగ్లీషు దొరలు.

తెలుగు పరీక్ష రాసిన దొరలు

1812లో మద్రాసులో కాలేజ్ ఆఫ్ ఫోర్ట్ సెయింట్ జార్జ్ పెట్టారు. దాని వెనక ఉన్న ముఖ్యుడు ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్. ఇంగ్లండు నుంచి ఓడ దిగిన కుర్ర సివిల్ ఉద్యోగులకి దక్షిణాది భాషలు నేర్పి, పరీక్ష పెట్టి, ఆ తర్వాతే జిల్లాలకి పంపాలన్నది ఏర్పాటు. శిస్తు వసూలు చేయాలన్నా, కచేరీలో అర్జీ వినాలన్నా జనం భాష రావాలి కదా. అంటే అది అచ్చంగా ఉద్యోగం కోసం పెట్టిన భాషా పరీక్ష.

ఆ కుర్రాళ్లకి అక్షరం ముక్క తెలుగు రాదు. వాళ్లని చూసి "తెలుగు వీళ్ల రక్తంలో లేదు" అని ఎవరూ అనలేదు. ప్రభుత్వం పండితుల్ని, మున్షీలని జీతాలిచ్చి పెట్టింది. పుస్తకాలు లేకపోతే రాయించి అచ్చు వేయించింది. ఎ.డి. కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం 1816లో అలా వచ్చిందే. చదువుకునే కాలంలో కూడా వాళ్లకి జీతం ఆగలేదు. పరీక్షల్లో ముందుకెళ్లినకొద్దీ భత్యం పెరిగేది.

మనందరికీ తెలిసిన సి.పి. బ్రౌన్ ఈ దారిలో వచ్చినవాడే. 1817లో మద్రాసు చేరాడు. వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర తెలుగు నేర్చుకున్నాడు. 1820లో పరీక్ష గట్టెక్కి కడపకి ఉద్యోగానికి వెళ్లాడు. మూడేళ్లు! ఈ మూడేళ్లూ అతనికి గురువున్నాడు, పుస్తకం ఉంది, తిండికి లోటు లేదు. ఆ తర్వాత బ్రౌన్ తెలుగుకి చేసిన మేలు గొప్పది, దాన్ని తక్కువ చేయను. కానీ ఆ మేలుకి పునాది సర్కారు ఖర్చుతో దొరికిన మూడేళ్ల ప్రాక్టీసు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ఈ వ్యాసంలో మిగతాదంతా దీని మీదే నిలబడి ఉంది.

పరీక్ష మన వైపు తిరిగింది

కొన్నేళ్లకే లెక్క తలకిందులైంది. 1835 ఫిబ్రవరిలో మెకాలే నోటు, మార్చిలో బెంటింక్ తీర్మానం. 1837లో కంపెనీ కచేరీల్లో పర్షియన్ స్థానం పోయింది. 1844 అక్టోబరులో గవర్నర్ జనరల్ హార్డింజ్ మరో తీర్మానం చేశాడు. ప్రభుత్వ ఉద్యోగాల్లో ఇంగ్లీషు చదువు చదివి నెగ్గినవాళ్లకే మొదటి అవకాశం అని దాని సారం. మెకాలే గురించి మనవాళ్లు ఎంతో మాట్లాడతారు కానీ హార్డింజ్ గురించి మాట్లాడరు. ఇంగ్లీషుకి బువ్వకి ముడి వేసినవాడు హార్డింజ్. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు వచ్చాయి. మెట్రిక్ పరీక్ష పాసయితే గుమాస్తా కుర్చీ, తప్పితే పొలం గట్టు.

ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ఇది. దొర తెలుగు నేర్చుకోవాల్సి వచ్చినప్పుడు సర్కారు మున్షీని పెట్టింది. మనం ఇంగ్లీషు నేర్చుకోవాల్సి వచ్చినప్పుడు ఎవరిని పెట్టింది?

పైవాళ్లకి నేర్పితే కిందికి అదే ఇంకుతుంది అన్నది ఆనాటి విధానం. బొంబాయి గవర్నర్ మౌంట్‌స్టూవర్ట్ ఎల్ఫిన్‌స్టన్ 1820ల్లోనే ఒక మినిట్‌లో ఈ సంగతి దాచకుండా రాశాడు. అట్టడుగు కులాల పిల్లలు బాగా చదువుతున్నారని మిషనరీలు చెప్తున్నారు, కానీ చదువు ముందు వాళ్లలో వేళ్లూనితే పైకులాలు దాని దగ్గరికి రావు, కాబట్టి జాగ్రత్త పడాలి అని దాని తాత్పర్యం. బాబాసాహెబ్ 1928లో సైమన్ కమిషన్‌కి ఇచ్చిన నివేదికలో దీన్ని ఎత్తి చూపించారు. మళ్లీ చదవండి. మనవాళ్లు చదవలేరని కాదు, బాగా చదువుతున్నారు కాబట్టే ఆపారు.

అదే నివేదికలో ధార్వాడ్ సంఘటన కూడా ఉంది. 1856 జూన్‌లో ఒక మహర్ కుర్రాడు ధార్వాడ్ ప్రభుత్వ బడిలో చేరతానని అర్జీ పెట్టాడు. ప్రభుత్వం ఏమంది? న్యాయం అతని వైపే ఉందని ఒప్పుకుంది. ఒక్కడిని చేర్చుకుంటే మిగతావాళ్లు బడి మానేస్తారని చేర్చుకోలేదు. మర్నాటి ఏడాదే విశ్వవిద్యాలయాలు తెరుచుకున్నాయి. ఆ కుర్రాడికి మాత్రం మెట్రిక్ కాదు కదా, మొదటి పాఠం కూడా దొరకలేదు.

మెరిట్ మాట ఎప్పుడు మొదలైంది?

ఇంకో ముచ్చట చెప్పాలి. 1855 నుంచి ఐసీఎస్‌కి పోటీ పరీక్ష పెట్టారు, లండన్‌లో. 1870ల చివర్లో వయసు పరిమితిని పంతొమ్మిదేళ్లకి దించారు. అప్పుడు మన దేశంలో ఇంగ్లీషు చదివిన పైకులాల పెద్దలు భగ్గుమన్నారు. సురేంద్రనాథ్ బెనర్జీ ఊరూరా తిరిగి సభలు పెట్టారు. 1885లో కాంగ్రెస్ మొదటి మహాసభలోనే ఐసీఎస్ పరీక్ష ఇంగ్లండుతో పాటు ఇండియాలో కూడా జరపాలని తీర్మానం చేశారు. అది నెరవేరడానికి 1922 దాకా పట్టింది.

వాళ్ల వాదన ఏమిటి? పరీక్ష ఎక్కడ పెడతారు, ఏ వయసులో పెడతారు, అక్కడికి వెళ్లడానికి ఎంత ఖర్చవుతుంది అన్నదాన్ని బట్టే ఎవరు నెగ్గుతారో తేలిపోతుందని. నూటికి నూరుపాళ్లు నిజం. పరీక్ష తూకం రాయి కాదని, తూకం ఎవరి చేతిలో ఉందో చూడాలని వాళ్లు మనకంటే ముందే తెలుసుకున్నారు. ఇవాళ మన పిల్లవాడు "నేను తెలుగు మీడియంలో చదివాను, నాకు ఇంకో ఏడాది ప్రాక్టీసు కావాలి" అంటే మాత్రం మెరిట్ మాట గుర్తొస్తుంది.

తర్ఖడ్కర్ పుస్తకాలు, అక్క నగలు

సర్కారు మున్షీని పెట్టని చోట మనవాళ్లు ఏం చేశారు? సావిత్రిబాయి 1854లో అచ్చయిన "కావ్యఫులే"లో ఇంగ్లీషు నేర్చుకొమ్మని శూద్రులకి, అతిశూద్రులకి చెప్తూ కవిత రాసింది. ఆమె భర్త జోతిరావు 1882లో హంటర్ కమిషన్‌కి ఇచ్చిన వినతిలో, రైతుల పన్నుతో పైవాళ్ల కాలేజీలు నడుస్తున్నాయని, ముందు జనానికి ప్రాథమిక విద్య ఇవ్వమని అడిగారు. భార్య భాష గురించి మాట్లాడింది, భర్త డబ్బు గురించి మాట్లాడాడు. రెండూ కలిపి చదవాలి. ఒకటి లేకుండా రెండోది పనికి రాదు.

ఇక బాబాసాహెబ్. ఆయన ఇంగ్లీషు గురించి మనం పాటలు కట్టుకున్నాం కానీ, ఆ ఇంగ్లీషు ఎలా వచ్చిందో తక్కువ చెప్పుకున్నాం. తండ్రి రామ్‌జీ సక్పాల్ సైన్యంలో సుబేదారు, సైనిక పాఠశాలలో ఉపాధ్యాయుడు. బయట బడి దొరకని మహర్లకి సైన్యంలో చదువు దొరికింది. ఒక తరం ముందు దొరికిన ఆ కాస్త అవకాశమే కొడుకుని నిలబెట్టింది. 1900 నవంబరు 7న భీమ్‌రావు సతారా ప్రభుత్వ హైస్కూల్లో ఇంగ్లీషు మొదటి తరగతిలో చేరాడు. ఇంట్లో తండ్రి హోవర్డ్ ఇంగ్లీషు రీడర్లు చదివించాడు. తర్ఖడ్కర్ అనువాద పాఠాల పుస్తకాలు కంఠతా పట్టించాడు. మరాఠీ వాక్యం ఇస్తే ఇంగ్లీషులోకి, ఇంగ్లీషు వాక్యం ఇస్తే మరాఠీలోకి. మనం ఇవాళ గ్రామర్ ప్రాక్టీసు అంటున్నది అదే. బొంబాయిలో ఒక్క గది ఇంట్లో, తెల్లవారుజామున రెండు గంటలకి నిద్ర లేపి చదివించేవాడు. పుస్తకాలు కొనడానికి డబ్బు లేకపోతే పెళ్లయిన కూతుళ్ల దగ్గర అప్పు తెచ్చేవాడు, వాళ్ల నగలు కుదువ పెట్టేవాడు. ఇవన్నీ ధనంజయ్ కీర్ రాసిన జీవిత చరిత్రలో ఉన్నాయి.

1907లో మెట్రిక్ పాసైనప్పుడు ఆయనకి వచ్చిన మార్కులు, కీర్ లెక్క ప్రకారం, 750కి 282. నూటికి నలభై కూడా లేవు. ఆ మార్కులు చూసి ఆ పిల్లవాడి సత్తా తేల్చేసి ఉంటే 1923లో "ది ప్రాబ్లం ఆఫ్ ది రూపీ" వచ్చేదా? స్క్రీన్ మీద స్కోరు చూసుకుని కుంగిపోయే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ అంకెని గోడ మీద రాసుకోండి.

బ్రౌన్‌కి మున్షీ జీతం కంపెనీ ఇచ్చింది. భీమ్‌రావు ప్రాక్టీసుకి ఖర్చు అక్కల నగలు భరించాయి. తేడా తెలివిలో లేదు.

హైదరాబాదులో మూడు భాషలు

ఇది బొంబాయి కథ మాత్రమే కాదు. నిజాం హైదరాబాదులో 1880ల్లో పర్షియన్ పోయి ఉర్దూ అధికార భాష అయింది. 1918లో ఉస్మానియా ఉర్దూ మాధ్యమంలో మొదలైంది. అంటే మన తాతలకి ఇంట్లో తెలుగు, కచేరీలో ఉర్దూ, సికింద్రాబాద్ కంటోన్మెంటులో ఇంగ్లీషు. ఒక భాష పోయి ఇంకో భాష వచ్చినా వాడకి కచేరీ తలుపు తెరుచుకోలేదు. భాగ్యరెడ్డి వర్మ అందుకే సభలతో ఆగకుండా బడులు పెట్టారు. ఆ ఉద్యమంలోనే పెరిగిన పి.ఆర్. వెంకటస్వామి హైదరాబాదు దళితుల పోరాట చరిత్రని 1955లో రెండు సంపుటాలుగా రాశారు. "అవర్ స్ట్రగుల్ ఫర్ ఎమాన్సిపేషన్" దాని పేరు. ఇంగ్లీషులోనే రాశారు. ఇవాళ ఆ చరిత్ర మీద పరిశోధన చేసే ఎవరైనా ఆ పుస్తకం తెరవాల్సిందే.

"మాతృభాషలో పరీక్ష పెడితే చాలు కదా" అనే మిత్రులకి తెలుగు మాస్టారుగా ఒక మాట. తెలుగులో కూడా గ్రామర్ కాపలా ఉండేది. 1858లో వచ్చిన చిన్నయసూరి బాలవ్యాకరణం ప్రకారం రాస్తేనే తెలుగు, మిగతాది తప్పు అన్నారు. గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం పోరాడినప్పుడు గొడవ ముదిరింది స్కూల్ ఫైనల్ వ్యాసరచన దగ్గరే. పిల్లలు పరీక్షలో ఏ తెలుగు రాయాలి అని. గ్రాంథికం ఓడింది. ఆ తర్వాత ప్రమాణం అయింది ఎవరి వాడుక? మాల, మాదిగ వాడల్లో అమ్మమ్మలు మాట్లాడే తెలుగు ఇప్పటికీ జవాబు పత్రంలో ఎర్ర గీత కిందే ఉంది. నా క్లాసులో పిల్లలు నోరు విప్పడానికి భయపడేది ఇంగ్లీషులోనే కాదు, నా ఎదుట తెలుగులో కూడా. కాబట్టి భాష మార్చినంత మాత్రాన కాపలా పోదు.

ఇప్పటి పరీక్ష లోపల ఏముంది

ఇప్పుడు మన ముందున్న పరీక్ష సంగతి చూద్దాం. ఆఫీసు ఇంగ్లీషుని కొలిచే పరీక్షల్లో పేరున్నది టోయిక్. అమెరికాలోని ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్ దాన్ని 1979లో జపాన్ కోసం మొదలుపెట్టింది. రెండు వందల ప్రశ్నలు, సగం వినికిడి, సగం చదువు. చదువు భాగంలో 75 నిమిషాల్లో వంద ప్రశ్నలు. అందులో 30 ఖాళీలు పూరించే గ్రామర్ వాక్యాలు, 16 పేరాల్లో ఖాళీలు, 54 పాసేజ్ ప్రశ్నలు. స్కోరు 10 నుంచి 990 దాకా. మన క్యాంపస్ డ్రైవుల్లో పెట్టే టెస్టుల పేర్లు వేరు కావచ్చు, అచ్చు మాత్రం దాదాపు ఇదే. ప్రభుత్వ ఉద్యోగాల్లోనూ ఇంగ్లీషు ఉంది. గ్రూప్-1 మెయిన్స్‌లో, సివిల్స్ మెయిన్స్‌లో ఇంగ్లీషు పేపర్ మార్కులు ర్యాంకుకి కలపరు. కానీ అందులో తప్పితే మిగతా పేపర్లు ఎంత బాగా రాసినా లెక్కలోకి రావు.

ఇలాంటి పరీక్షలో మనవాళ్లు తడబడే చోట్లు నాలుగైదే. తెలుగులో "ఏ", "ది" లాంటివి లేవు, అందుకని ఆర్టికల్స్ దగ్గర తప్పు. తెలుగులో విభక్తి మాట వెనక వస్తుంది, ఇంగ్లీషులో ప్రిపొజిషన్ ముందొస్తుంది. "సోమవారం కలుద్దాం" అంటే మనకి సరిపోతుంది, వాళ్లకి "ఆన్" కావాలి. "నిన్న ఊరి నుంచి వచ్చిన పిల్ల" అని మనం ఒక్క విశేషణంతో చెప్పేది వాళ్లు "హూ" పెట్టి వెనక్కి తిప్పి చెప్తారు. మన క్రియ చివర, వాళ్ల క్రియ మధ్యలో. ఇవి రెండు భాషల కట్టుబడిలో తేడాలు. కులానికీ తెలివికీ వీటితో సంబంధం లేదు. కాంప్‌బెల్ దొరకి తెలుగు విభక్తులు ఎంత తిక్కగా కనపడి ఉంటాయో మనకి ఆర్టికల్స్ అంతే. రోజూ చేస్తే కొన్ని నెలల్లో చేతికొస్తాయి.

అసలు చిక్కు పాసేజ్ దగ్గర ఉంది. ఆ పాసేజీలో ఉండేది ఆఫీసు ఈమెయిలు, హోటల్ బుకింగ్, వారంటీ షరతులు, ప్రయాణం ఖర్చుల రీయింబర్స్‌మెంట్. తండ్రి ఆఫీసుకి వెళ్లి వచ్చే ఇంట్లో పెరిగిన పిల్లకి ఈ లోకం ముందే తెలుసు. సగం జవాబు ఇంట్లోనే విని ఉంటుంది. కూలికెళ్లే ఇంటి నుంచి వచ్చిన పిల్ల భాషతో పాటు ఆ లోకాన్ని కూడా ఆ అరగంటలోనే అర్థం చేసుకోవాలి. దీన్నే వాళ్లు మెరిట్ తేడా అంటారు. 2011లో సివిల్స్ ప్రిలిమ్స్‌లో సీశాట్ వచ్చినప్పుడు ఇంగ్లీషు పాసేజీల మీద గొడవ జరిగింది. 2014లో విద్యార్థులు రోడ్డెక్కాక ఆ మార్కులు లెక్కలోంచి తీసేశారు. మరుసటి ఏడాది పేపర్ మొత్తాన్ని అర్హత పేపర్‌గా మార్చారు. పరీక్ష రూపం ఆకాశం నుంచి ఊడిపడలేదని, అడిగితే మారుతుందని అది చెప్తోంది.

మీడియం ఇచ్చారు, మున్షీ ఏడి?

2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం కోసం జీవో 81 ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. తెలంగాణ 2022లో అదే దారి పట్టింది. ఈ చర్చలో మాతృభాష గురించి కన్నీళ్లు పెట్టుకున్న పెద్దల పిల్లలు ఏ మీడియంలో చదివారో మనకి తెలుసు. ఉత్తరప్రదేశ్‌లో లఖీంపూర్ ఖేరీ జిల్లా బంకా గ్రామంలో చంద్రభాన్ ప్రసాద్ 2010లో ఇంగ్లీషు దేవతకి గుడి తలపెట్టినప్పుడు కొందరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కానీ దేవత చేతిలో కలం ఉన్నంత మాత్రాన మన చేతికి రాదు. పుస్తకాలు ఇంగ్లీషులో అచ్చేసి, ఇంగ్లీషు పాఠం చెప్పే టీచర్ పోస్టు ఖాళీగా ఉంచితే అది ఇంగ్లీషు మీడియం అనిపించుకోదు. దొరలకి మూడేళ్లు మున్షీని ఇచ్చినట్టు మా పిల్లలకీ ఇమ్మనే మనం అడగాల్సింది. ప్రతి ఎస్సీ, ఎస్టీ, బీసీ హాస్టల్లో జీతమిచ్చి పెట్టిన భాషా ఉపాధ్యాయుడు, ఇంగ్లీషు పేపరు, పరీక్ష ఫీజు. ఇది దయ కాదు, రెండు వందల ఏళ్ల బకాయి.

అది వచ్చేదాకా ఊరుకోవాలా? వద్దు. యూనివర్సిటీల్లో, హాస్టళ్లలో సంఘాలు నడుపుతున్న మిత్రులకి ఒక సూచన. స్టడీ సర్కిల్లో వారానికి రెండు రోజులు పాసేజ్ చదవడం పెట్టండి. టెన్త్‌లో తెలుగు పేపర్లో అపరిచిత గద్యం ఇచ్చి ప్రశ్నలు అడిగేవాళ్లు, గుర్తుందా? అవన్నీ రాసి పాసయ్యాం. ఇదీ అదే పని. ముందు ప్రశ్న చదువు, తర్వాత పేరా చదువు, జవాబు ఏ వాక్యంలో ఉందో వేలు పెట్టి చూపించు. తప్పు పెడితే ఎందుకు తప్పో పక్కవాడికి చెప్పు.

పాసేజీలకి గైడే కావాలని లేదు. అత్యాచారాల నిరోధక చట్టం ఇంగ్లీషు ప్రతి తీసుకోండి. కారంచేడు, చుండూరు తెలిసినవాళ్లకి ఈ చట్టం పాఠం కాదు, ప్రాణం. 1995 నిబంధనల్లో ఏడోది, దర్యాప్తు అధికారి డీఎస్పీ "ర్యాంకుకి తక్కువ కానివాడు" అయి ఉండాలంటుంది. ప్రశ్న: ఎస్ఐ దర్యాప్తు చేయొచ్చా? ఎస్పీ చేయొచ్చా? 2018లో చేర్చిన 18ఎ సెక్షన్, ఎఫ్ఐఆర్‌కి ముందు ప్రాథమిక విచారణ అవసరం లేదంటుంది. స్టేషన్లో "ఎంక్వయిరీ చేసి చూస్తాం" అని పంపించేస్తే ఏ వాక్యం చూపించాలి? చట్టంలో "షల్" ఎక్కడుంది, "మే" ఎక్కడుంది, రెంటికీ తేడా ఏమిటి? అస్పృశ్యతని రద్దు చేసిన రాజ్యాంగం 17వ అధికరణం మొదటి వాక్యం పాసివ్ వాయిస్‌లో ఎందుకుంది? ఇలా చదివిన పిల్లకి వారంటీ కార్డు మీద పాసేజ్ ఏం లెక్క? పరీక్షా గట్టెక్కుతుంది, మర్నాడు వాడలో ఎవరికైనా అర్జీ రాయాల్సి వస్తే ఆ ఇంగ్లీషే పనికొస్తుంది.

రక్తంలో లేదని రాసిన తమ్ముడూ, బ్రౌన్ రక్తంలో తెలుగు లేదు. భీమ్‌రావు రక్తంలో ఇంగ్లీషు లేదు. ఇద్దరికీ గురువు ఉన్నాడు, పుస్తకం ఉంది, రోజూ చేసే పని ఉంది. నీకు లేనివి ఆ మొదటి రెండే. వాటిని సర్కారు నుంచి రాబట్టే పని మనందరిదీ. మూడోది ఈ రాత్రి నుంచే మొదలుపెట్టు.

వచ్చే భాగంలో భాగ్యరెడ్డి వర్మ బడుల గురించి వివరంగా రాస్తాను. మీ స్టడీ సర్కిల్లో ఏం చదువుతున్నారో కింద రాయండి.

జై భీమ్.